ఇండియాలో బండి తోలినవాళ్లకి లామ్స్ రూల్ అవసరమా? మొదటి బండి 350 మేలా, 650 మేలా?

పాయింట్‌కుక్ రైడర్ (మెల్‌బోర్న్)

ఈ మధ్యే ఇక్కడ లెర్నర్ పర్మిట్ తీసుకుని రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350 కొన్నాను. హైదరాబాద్‌లో కాలేజీ రోజుల నుంచి ఉద్యోగం దాకా పల్సర్ తోలినవాణ్ని. మన వాళ్లు నలుగురు కలిస్తే రెండు మాటలు వినిపిస్తున్నాయి. ఒకటి, "ఏళ్ల తరబడి తోలాం, మళ్లీ మనకి ఎల్ బోర్డు ఏంటి?" రెండు, "తప్పదంటే లామ్స్ లిస్టులోనే ఉన్న 650 కొనెయ్, మళ్లీ బండి మార్చే పని ఉండదు." ఈ రెండూ నాకు సరైనవిగా అనిపించడం లేదు. అందుకే ఇక్కడ చర్చకు పెడుతున్నా.

తెలియనివాళ్ల కోసం: లామ్స్ అంటే లెర్నర్ అప్రూవ్డ్ మోటార్‌సైకిల్ స్కీమ్, అంటే ఆస్ట్రేలియాలో కొత్తగా నేర్చుకునేవాళ్లు ఏ బండ్లు నడపొచ్చో చెప్పే రూల్. ఇంజిన్ 660 సీసీ దాటకూడదు. బండి బరువుకి నడిపే మనిషి కింద 90 కిలోలు కలిపి, ఆ మొత్తానికి పవర్ ఎంతో లెక్కేస్తారు. అది టన్నుకి 150 కిలోవాట్లు మించకూడదు. మా విక్టోరియా రాష్ట్రంలో అయితే లైసెన్స్ వచ్చాక కూడా మూడేళ్లు ఈ లిస్టులోని బండే నడపాలి. నా క్లాసిక్ సుమారు 15 కిలోవాట్లు, 195 కిలోలు. లెక్కేస్తే టన్నుకి 50 పైచిలుకు వస్తుంది, అంటే పరిమితిలో మూడో వంతు.

ఇక నా అనుభవం. ట్రాఫిక్‌లో సందు చూసుకోవడం, క్లచ్, గేర్లు, ఇవన్నీ చేతికి వచ్చినవే. కానీ కోర్సులో ఎమర్జెన్సీ బ్రేక్ చేయించినప్పుడు నా చెయ్యి ముందు బ్రేక్ మీదకి వెళ్లనే లేదు. కాలు మాత్రం వెనక బ్రేక్‌ని అదిమేసింది. మన దగ్గర అందరికీ ఇదే అలవాటు. "ముందు బ్రేక్ పట్టకురా, పల్టీ కొడతావ్" అని బండి నేర్పిన ప్రతి మామయ్యా, బాబాయీ చెప్పే ఉంటారు. నిజానికి బ్రేక్ వేసినప్పుడు బరువంతా ముందు చక్రం మీదకి వస్తుంది, పట్టు దొరికేది అక్కడే. ఒక్కసారిగా గుంజకుండా, లివర్‌ని ముందు కాస్త తాకించి, బరువు ముందుకి వచ్చాక గట్టిగా పిండాలి. ఏళ్ల నాటి అలవాటుని మార్చుకోవాలంటే, మార్చుకునేటప్పుడు చేతిలో ఉన్న బండి నెమ్మదిగా ఉండటం మంచిదని నా వాదన.

ఇంకో చిన్న విషయం: ఇండికేటర్. కారులోలా మలుపు తిరగ్గానే ఆరిపోదు. బొటనవేలితో బటన్ నొక్కితేనే ఆరుతుంది. హైదరాబాద్‌లో అది వెలుగుతూ ఉన్నా పట్టించుకునేవాడు లేడు. ఇక్కడ మనం తిరుగుతామని నమ్మి పక్క రోడ్డు నుంచి కారు బయటికి వచ్చేస్తుంది.

టార్నీట్ తమ్ముడు

అన్నా, బ్రేక్ సంగతి ఒప్పుకుంటా. కానీ దానికి 350 కొనాలన్న లెక్క ఎక్కడిది? నా దగ్గర యమహా ఎంటీ-07ఎల్‌ఏ ఉంది. అది కూడా లామ్సే. మామూలు ఎంటీ-07కి 689 సీసీ, సుమారు 54 కిలోవాట్లు. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ లెర్నర్ల కోసమే 655 సీసీ ఇంజిన్ పెట్టి, పవర్ 38 దాకా తగ్గించి ఇచ్చారు.

నేను రోజూ వెస్ట్‌గేట్ బ్రిడ్జి మీదుగా సిటీకి వెళ్తా. పైకి ఎక్కాక పక్క నుంచి గాలి కొడుతుంది చూడు, లేన్‌లో ఉన్నవాణ్ని ఉన్నట్టే పక్కకి నెడుతుంది. జీలాంగ్ ఫ్రీవే మీద 100లో వెళ్తుంటే వెనక ట్రక్కు మీదకి వస్తుంది. అప్పుడు యాక్సిలరేటర్ తిప్పితే బండి ముందుకి దూకాలి. క్లాసిక్ 350లో 100 దగ్గర ఇంక మిగిలేదేం లేదు. అవసరమైనప్పుడు పవర్ లేకపోవడం కూడా ప్రమాదమే కదా.

డబ్బు సంగతీ చూడు. కొత్త బండి కొని, రిజిస్ట్రేషన్ కట్టి, రెండేళ్లకి నష్టానికి అమ్మి, మళ్లీ పెద్దది కొనడం ఎందుకు?

బెజవాడ బుల్లెట్ (సిడ్నీ)

నాకు 350, 650 గొడవ కంటే మొదటి ప్రశ్నే ముఖ్యం. పాయింట్‌కుక్ గారూ, మీరు మన అనుభవాన్ని మరీ తీసిపారేస్తున్నారనిపించింది. బెంజ్ సర్కిల్ దగ్గర సాయంత్రం ఆరింటికి బండి తోలినవాడికి ఎదుటివాడి ముందు చక్రం చూడగానే వాడు ఎటు తిరుగుతాడో తెలిసిపోతుంది. ఇక్కడ పుట్టి, కారు తప్ప ఏదీ ఎరగని పద్దెనిమిదేళ్ల కుర్రాడికి ఆ చూపు రావాలంటే ఏళ్లు పడుతుంది. ఇద్దరినీ ఒకే గాటన కట్టడం న్యాయమా?

పరీక్ష వద్దనడం లేదు. గట్టి పరీక్షే పెట్టండి. బ్రేకింగ్, మలుపులు, తప్పించుకోవడం, అన్నీ చేయించండి. పాసైతే ఏళ్ల తరబడి ఆపడం దేనికి? యూరప్‌లో 24 ఏళ్లు నిండినవాళ్లు పరీక్ష పాసై నేరుగా పెద్ద బండి లైసెన్స్ తీసుకునే వీలుంది. నైపుణ్యాన్ని కొలవాలి గానీ క్యాలెండర్‌ని కాదు.

ఆక్లాండ్ అక్క

నేను ఇండియాలో స్కూటీ తప్ప ఏదీ నడపలేదు. ఇంట్లో అన్నయ్య బండి ఉండేది, తాళం మాత్రం నా చేతికి వచ్చేది కాదు. గేర్ బండి మొదటిసారి నేర్చుకున్నది న్యూజిలాండ్‌లోనే. ఇక్కడా ఇదే లామ్స్: అవే 660 సీసీ, అదే 150 లెక్క. 2012కి ముందు ఇక్కడ లెర్నర్లకి 250 సీసీ పరిమితి ఒక్కటే ఉండేది. దాని లోపం ఏంటంటే, సుజుకీ ఆర్‌జీవీ 250 లాంటి టూ-స్ట్రోక్ రేసు బండి కూడా 250 సీసీయే. ఒళ్లు జలదరించే పికప్ దానిది. సీసీని నమ్ముకుంటే అలాంటివి కొత్తవాళ్ల చేతికి వస్తాయి, సాధు బండి అయిన ఒక 500 మాత్రం రాదు. అందుకే పవర్‌నీ బరువునీ కలిపి చూసే పద్ధతి నాకు నచ్చింది.

కానీ టార్నీట్ తమ్ముడూ, నువ్వు ఫ్రీవే గురించే మాట్లాడుతున్నావు. కొత్తవాళ్లు ఎక్కువగా బండి పడేసేది నడక వేగంలో. పార్కింగ్‌లో, పెట్రోల్ బంకులో, ఇంటి ముందు వాలులో యూ-టర్న్ తీసుకుంటూ పడేస్తారు. అక్కడ పవర్ ఎంతున్నా ఒకటే. సీటు ఎత్తు, బండి బరువు, కాళ్లు నేలకి ఆనడం, ఇవే లెక్క. నాది హోండా రెబెల్ 500. సీటు 690 మిల్లీమీటర్లే. రెండు పాదాలూ పూర్తిగా ఆనుతాయి. 825 ఎత్తుండే హిమాలయన్ 450 మీద నాకు మునివేళ్లే అందాయి.

మెల్లగా తిరగడానికి నాకు పనికొచ్చింది ఇది: క్లచ్ సగం పట్టుకుని, రేస్ ఒకేలా ఉంచి, వెనక బ్రేక్ కొద్దిగా నొక్కి పట్టాలి. చూపు తిరగాల్సిన చోట ఉండాలి, ముందు చక్రం మీద కాదు. ఖాళీ కార్ పార్కులో గీతల మధ్య ఇది చేతికొచ్చేదాకా నేను మెయిన్ రోడ్డు ఎక్కలేదు. పాయింట్‌కుక్ గారూ, మీరు ముందు బ్రేక్ గురించి రాసింది నూటికి నూరు పాళ్లు నిజం. కాకపోతే హ్యాండిల్ తిప్పి ఉన్నప్పుడు, ఈ నెమ్మది వేగంలో, అదే ముందు బ్రేక్ పట్టారంటే బండి అక్కడికక్కడే ఒరిగిపోతుంది. రెండూ నేర్చుకోవాలి.

వైజాగ్ బీచ్ రోడ్

నేను ఇంకా ఇండియాలోనే ఉన్నా. మీలో కొందరు ఆ రూల్ ఎక్కువైందంటున్నారు, మాకు అదే లేదని నా బాధ. ఇక్కడ పద్దెనిమిది నిండితే చాలు. ఆర్టీవో ఆఫీసులో ఎనిమిది వేసి గేర్ లైసెన్స్ తీసుకున్న మర్నాడే డ్యూక్ 390 అయినా, వెయ్యి సీసీ బండి అయినా కొనుక్కోవచ్చు. అడిగేవాళ్లు లేరు. కేంద్ర ప్రభుత్వ లెక్కల ప్రకారం 2022లో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోతే, అందులో 74,897 మంది టూవీలర్ల మీద ఉన్నవాళ్లే. మా వీధిలో ఇంటర్ అయిపోయిన పిల్లాడికి తండ్రి స్పోర్ట్స్ బండి కొనిచ్చారు. హెల్మెట్ మాత్రం ట్యాంకు మీద ఉంటుంది. లామ్స్ ఇక్కడికి రావాలి.

బెజవాడ బుల్లెట్ (సిడ్నీ)

వైజాగ్ తమ్ముడూ, నీ బాధ అర్థమైంది. కానీ మన రోడ్ల మీద తిరిగే బండ్లలో ఎక్కువ భాగం 100 నుంచి 160 సీసీ లోపువే. అవన్నీ ఎలాగూ లామ్స్ పరిమితిలోనే ఉంటాయి. కాబట్టి ఆ రూల్ తెచ్చినంత మాత్రాన ఆ 74 వేలు పెద్దగా తగ్గవు. అక్కడ కావాల్సింది హెల్మెట్, శిక్షణ, నిజమైన పరీక్ష. ఎనిమిది వేయడం బ్యాలెన్స్‌ని చూస్తుంది గానీ, 50 వేగంలో వెళ్తుంటే కుక్క అడ్డం వస్తే ఏం చేస్తావో చూడదు.

పాయింట్‌కుక్ రైడర్

అందరికీ థ్యాంక్స్. బెజవాడ గారూ, మన అనుభవానికి విలువ లేదని నేననలేదు. మీరన్న ఆ చూపు నాకూ పనికొస్తోంది. కానీ అది 40 వేగంలో అలవాటైన చూపు. మన సిటీల్లో అంతా ఒకరికొకరు దగ్గరగా, నెమ్మదిగా, హారన్ కొట్టుకుంటూ కదులుతాం. ఇక్కడ హారన్ ఉండదు, కార్లు 80లో లేన్ మారతాయి. అద్దంలో కనిపించనివాడి కోసం ప్రతిసారీ భుజం మీదుగా తల తిప్పి చూడాలి. వాన పడ్డప్పుడు ట్రామ్ పట్టాలు సబ్బు రాసినట్టుంటాయి. వాటిని ఏటవాలుగా కాకుండా వీలైనంత అడ్డంగా దాటాలి. సిటీలో కొన్ని జంక్షన్లలో కుడివైపు తిరగాలంటే ఎడమ లేన్‌లోకి వెళ్లి ఆగే హుక్ టర్న్ ఒకటి. ఇవేవీ హైదరాబాద్ నేర్పదు. గట్టి పరీక్ష పెట్టి వదిలేయమన్నారు. పరీక్ష ఒక పూట. అలవాటు మారడానికి ఒక పూట చాలదు. మూడేళ్లు ఎక్కువంటే వాదించుకుందాం, ఏడాది మాత్రం కచ్చితంగా ఉండాలి.

టార్నీట్ తమ్ముడూ, గాలి సంగతి నిజమే. క్లాసిక్ ఫ్రీవే బండి కాదు, రోజూ జీలాంగ్ వెళ్లేవాడికి నేనూ చెప్పను. నేను మాత్రం ఊళ్లో తిరుగుతా, ఆదివారం బ్లాక్‌స్పర్ వైపు చెట్ల మధ్య వెళ్తా. అక్కడ మలుపుల్లో 60, 70 చాలు. 350 మీద గేరు, బ్రేకు, చూపు మీద ధ్యాస పెట్టే తీరిక దొరుకుతోంది.

గేర్ పిచ్చోడు (బ్రిస్బేన్)

బండి గురించి ఇంత రాశారు, ఒంటి మీద వేసుకునేదాని గురించి ఒక్కరూ రాయలేదు. 350 మీద పడ్డా 650 మీద పడ్డా తారు రోడ్డు ఒకటే. బండి బడ్జెట్‌లో నుంచే జాకెట్, గ్లోవ్స్, ప్యాంటు, బూట్ల డబ్బు ముందే పక్కన పెట్టండి. మోటోక్యాప్ అని ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ కలిసి నడిపే పరీక్ష ఉంది. ఏ జాకెట్ ఎంత రక్షణ ఇస్తుందో, ఎండలో ఎంత హాయిగా ఉంటుందో స్టార్లు వేసి ఉచితంగా చూపిస్తారు. ఖరీదైనవన్నీ మంచివి కావని అందులో తెలుస్తుంది. చెప్పులు, జీన్స్‌తో బండి తోలిన అలవాటు ఇండియాలోనే వదిలేసి రండి.

టార్నీట్ తమ్ముడు

గేర్ అన్న మాటకి ఎదురు లేదు. పాయింట్‌కుక్ అన్నా, అంటే నీ ప్రకారం 650 కొన్న లెర్నర్లంతా తప్పు చేసినట్టేనా? ఇంటర్‌సెప్టర్ 650 కూడా లామ్సే. నీ బండి కంపెనీదే.

పాయింట్‌కుక్ రైడర్

అలా అనను తమ్ముడూ. పైగా నువ్వు చెప్పిన ఇంటర్‌సెప్టర్‌కీ ఎంటీ-07ఎల్‌ఏకీ తేడా ఉంది. ఇంటర్‌సెప్టర్ పుట్టుకతోనే సుమారు 35 కిలోవాట్లు. దాన్ని ఎవరూ తగ్గించలేదు, అది ఇచ్చేది అంతే. ఫ్రీవే రోజూ ఎక్కాల్సిన, ఒడ్డూ పొడుగూ ఉన్న మనిషి దాంతో మొదలుపెడితే నాకు అభ్యంతరం లేదు. ఆక్లాండ్ అక్క చెప్పినట్టు ముందు షోరూమ్‌లో కూర్చుని, స్టాండ్ తీసి, 200 కిలోలు దాటిన ఆ బరువుని అటూ ఇటూ వంచి చూసుకుంటే చాలు.

నా అభ్యంతరమంతా పవర్ తగ్గించి అమ్మే 650ల మీదే, అదీ ఒక్క కారణంతో. కొందరు ఎల్ బోర్డు ఉండగానే ఆ పరిమితి తీయించేసుకుంటున్నారు. "ఎవడు చూస్తాడులే" అంటున్నారు. తీయించిన క్షణం నుంచి అది లామ్స్ బండి కాదు. పోలీసు పట్టుకుంటే ఫైన్‌తో పోవచ్చు. ప్రమాదం జరిగి ఎదుటి కారుకి డ్యామేజ్ అయితే, ఇన్సూరెన్స్ వాళ్లు క్లెయిమ్ తోసిపుచ్చడానికి అదొక్కటి చాలు. ఇక్కడ వీసా మీద ఉన్నవాడికి ఆ బిల్లు నెత్తిన పడితే ఏంటి పరిస్థితి? నీ బండిలో అది ముట్టుకోనంటే, వెస్ట్‌గేట్ మీద నా కంటే నువ్వే సుఖంగా వెళ్తావు, ఆ విషయంలో నీతో వాదన లేదు.

టార్నీట్ తమ్ముడు

ముట్టుకోలేదు అన్నా, ఫుల్ లైసెన్స్ వచ్చేదాకా ముట్టుకోను కూడా. 350 విషయంలో మాత్రం నా మాట మీదే ఉన్నా. ఫ్రీవే దగ్గర ఇల్లున్నవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే, కొనేముందు ఒక గాలిరోజు చూసుకుని టెస్ట్ రైడ్ అడగండి.