బాయిస్ డ్రాయింగ్ మీద మరకలు: వేలానికి ముందు కడిగించాలా, వదిలేయాలా?

గీతలసంచి:
జర్మన్ కళాకారుడు యోజెఫ్ బాయిస్ గీసిన 1950ల నాటి డ్రాయింగులు జర్మనీ వేలాల్లోకి వచ్చినప్పుడు కండిషన్ రిపోర్టుల్లో (వస్తువు స్థితి రాసే కాగితాల్లో) కొన్ని మాటలు పదేపదే కనిపిస్తాయి. నోటుపుస్తకంలోంచి చింపిన కాగితం, మధ్యలో మడత, పై అంచున ఫాక్సింగ్ చుక్కలు (పాత కాగితం మీద వచ్చే గోధుమరంగు మచ్చలు), వెనక అట్టకు నాలుగు మూలలా జిగురు. నా మాట సూటిగా చెప్తాను: అమ్మకానికి పెట్టేముందే కడిగించాలి. చవక కాగితంలో ఆమ్లం లోపలే పుడుతుంది, వెనక అట్ట నుంచి ఇంకా దిగుతుంది. కాల్షియం కలిపిన శుద్ధజలంలో 20 నిమిషాల చొప్పున రెండుమూడు సార్లు నానబెడితే పసుపు దిగుతుంది, ఆమ్లం పోతుంది, కాగితం ఆయుష్షు పెరుగుతుంది. గ్రాఫైట్, అంటే పెన్సిల్ గీత, నీళ్లలో కరగదు కదా. మరి భయం దేనికి?

రసాయనశాల:
గ్రాఫైట్ కరగదు, ఒప్పుకుంటాను. ఆ కాగితం మీద గ్రాఫైట్ ఒక్కటే ఉందని ఎలా తెలిసింది? బాయిస్ వాడినవి చూడండి: చెక్కకు పూసే బైట్స్ రంగు, ఐరన్ క్లోరైడ్, కుందేలు రక్తం, టీ, కొవ్వు, తర్వాతి రోజుల్లో 'బ్రౌన్‌క్రాయ్ట్స్' అని ఆయనే పేరు పెట్టుకున్న గోధుమరంగు నూనెరంగు. నీళ్లలో కరిగే రకం బైట్స్ అయితే తొట్టిలో పెట్టగానే పారుతుంది. ఐరన్ క్లోరైడ్ ఇంకా ప్రమాదం. అందులో ఇనుము తడితో పాటు పక్కకు జరిగి మరక చుట్టూ కొత్త వలయం గీస్తుంది, అక్కడ కాగితం మరికొన్నేళ్లకు పెళుసెక్కుతుంది. ఇక ఫాక్సింగ్ పోవాలని హైడ్రోజన్ పెరాక్సైడ్ వాడారో, ఇనుమున్న చోట ఫెంటన్ చర్య మొదలై కాగితం నారనే తెంపేస్తుంది. కొద్ది నెలలు తెల్లగా మెరిసి, ఆపైన ఆ చోటే చిరుగుతుంది.

గీతలసంచి:
మొత్తం తొట్టిలో వద్దంటే వద్దు. సక్షన్ టేబుల్ (కింద నుంచి తడిని పీల్చే బల్ల) మీద చుక్క చుక్కగా, ఫాక్సింగ్ ఉన్న అంచు వరకే చేయొచ్చుగా?

రసాయనశాల:
అంచున ఉన్నది ఫాక్సింగేనని ముందు తేల్చండి. అతినీలలోహిత దీపం కింద ఫాక్సింగ్ తరచూ లేత పసుపుగానో నీలిగానో వెలుగుతుంది. రక్తం, ఇనుము మాత్రం నల్లగా చీకటిగా ఉంటాయి. దీపంతో తేలకపోతే ఇనుము పరీక్ష పట్టీ ఉంది: బాతోఫినాంత్రొలిన్ పూసిన కాగితం ముక్కను కాస్త తడిపి, మరక అంచున 30 సెకన్లు అద్దాలి. గులాబీ రంగు వస్తే స్వేచ్ఛగా తిరిగే ఇనుము ఉన్నట్టు. రాకపోతే పట్టీ మీద ఒక చుక్క ఆస్కార్బిక్ ఆమ్లం వేసి మళ్లీ చూడాలి, ఎందుకంటే మొదటి పట్టీకి ఇనుము (3) కనపడదు. కొవ్వుకు దీపం అక్కర్లేదు, కాగితాన్ని వెలుగుకు ఎదురుగా పట్టుకుంటే ఆ చోటు పారదర్శకంగా ఉంటుంది.

ఇంకో నష్టం ఎవరూ అనుకోరు. 1950 ప్రాంతం నుంచి కాగితాల్లో ఆప్టికల్ బ్రైటెనర్లు (కాగితం తెల్లగా కనిపించేలా చేసే పదార్థాలు) కలుపుతున్నారు. 1947 అని తేదీ వేసిన కాగితం ఆ దీపం కింద కొట్టొచ్చినట్టు నీలంగా మెరిస్తే తేదీనే అనుమానించాలి. ఈ పదార్థాలు నీటికి కదులుతాయి. కడిగారంటే నకిలీని పట్టుకునే ఒక సాక్ష్యం కూడా కదిలిపోతుంది.

సుత్తిదెబ్బ:
డబ్బు సంగతి నేను చెప్తాను. మచ్చలున్నాయని అంచనా ధర తగ్గుతుందన్న భయం మామూలు లితోగ్రాఫ్‌కు నిజమే. బాయిస్ డ్రాయింగ్ కొనేవాళ్లు మరక కోసమే వస్తారు. వాళ్లను దూరం చేసేది రిపోర్టులో 'కడిగినది, బ్లీచ్ చేసినది' అన్న వాక్యం.

ఖర్చు లెక్క కూడా వేసుకోండి. వేలం సుత్తి 20,000 యూరోల దగ్గర పడిందనుకుంటే, కొన్నవారు వేలం సంస్థకు ఇచ్చే ప్రీమియం 27 శాతం చొప్పున 5,400. 2025 నుంచి జర్మనీలో కళాకృతులకు అమ్మకపు పన్ను 7 శాతం, అంటే మొత్తం 27,178. మార్జిన్ పద్ధతిలో (లాభం మీదే పన్ను వేసే పద్ధతి) అమ్మితే లెక్క వేరు, అక్కడ 19 శాతం కొనసాగుతోంది. ఇవి కాక ఫోల్గెరెష్ట్, అంటే పునర్విక్రయంలో కళాకారుడి వారసులకు చేరే వాటా: 50,000 వరకు 4 శాతం, ఇక్కడ 800 యూరోలు. మరణించిన 70 ఏళ్ల వరకు వర్తిస్తుంది కాబట్టి బాయిస్‌కు 2056 దాకా ఉంటుంది. చట్టం ప్రకారం అది అమ్మినవారి బాధ్యత, అయినా కొన్ని వేలం సంస్థలు అందులో కొంత కొన్నవారి బిల్లులో వేస్తాయి. షరతుల కాగితం చదవకుండా చెయ్యెత్తకండి.

వెన్నమూల:
కడగడం గురించి మాట్లాడుతూ 1986ను మర్చిపోతే ఎలా? జర్మనీలోని డ్యూసెల్‌డోర్ఫ్ కళా అకాడమీలో బాయిస్ కళాకృతిగా గోడ మూలన పెట్టిన వెన్నముద్దను ఆయన పోయిన కొన్ని నెలలకే శుభ్రం చేసేవాళ్లు మురికనుకుని తీసేశారు. ఆయన శిష్యుడు యోహానెస్ స్ట్యూట్‌గెన్ కోర్టుకెక్కితే రాష్ట్ర ప్రభుత్వం 40,000 మార్కులు ఇచ్చుకుంది. అది అకాడమీ గోడ, ఇది కాగితం, కానీ పొరపాటు అదే: పదార్థాన్ని మురికి అనుకోవడం.

గీతలసంచి:
మరక జోలికి వెళ్లకూడదన్నది ఒప్పుకున్నాను, పట్టీ పరీక్ష సంగతి నేను లెక్కలోకి తీసుకోలేదు. అయితే వెనక అట్టనూ అలాగే వదిలేయమంటారా? దానికి ఒప్పుకోను. ఆమ్లం దిగేది అక్కడి నుంచే.

రసాయనశాల:
అక్కడ మీరే కరెక్ట్, అట్ట తీయాల్సిందే. ముందు రెండు వైపులా ఫొటో తీయాలి, ఏటవాలు వెలుగులో ఒకటి, అతినీలలోహితంలో ఒకటి. అట్ట మీద బాయిస్ చేతిరాతో, సంతకమో, పాత యజమాని ముద్రో ఉందేమో చూడాలి. ఉంటే అట్టను పారేయకూడదు, విడదీసి డ్రాయింగ్‌తో పాటే ఉంచాలి. అట్టను వెనక నుంచి పొరలు పొరలుగా పలచన చేస్తూ రావాలి. లాగి ఊడదీస్తే కాగితం పై పొర అట్టతో పాటే వస్తుంది. మిగిలిన జిగురు మీద చిక్కటి మిథైల్ సెల్యులోజ్ ముద్ద 10 నిమిషాలు ఉంచి, మెత్తబడ్డాక ఎముక గరిటెతో గీకాలి. జిగురుకు 2 సెంటీమీటర్ల లోపు దూరంలో మరక ఉంటే ఆ ముద్ద కూడా వద్దు, పొడిగానే చేయాలి. మడత చదును చేయకండి. అది ఆయన మడిచిందో, తపాలాలో పడిందో తెలియదు.

సుత్తిదెబ్బ:
విదేశాల నుంచి కొనేవారికి ఒక మాట. 50 ఏళ్లు దాటిన డ్రాయింగ్ విలువ 15,000 యూరోలు మించితే ఐరోపా సమాఖ్య బయటికి పంపడానికి ఎగుమతి అనుమతి కావాలి. నీటిరంగులకు ఆ హద్దు 30,000. అందుకే కేటలాగ్‌లో మాధ్యమం పేరు సరిగ్గా ఉండాలి. బైట్స్‌తో చేసిన పనిని ఏ వర్గంలో వేశారో సుత్తి పడకముందే రాసి అడగండి.

గీతలసంచి:
హైదరాబాద్‌కో విజయవాడకో తెచ్చుకుంటే? వానాకాలం తేమలో కడగని కాగితం బూజు పట్టదా?

రసాయనశాల:
కడిగినా పడుతుంది. గాలిలో తేమ 65 శాతం దాటి నిలబడితే బూజు వస్తుంది, కడిగిన కాగితంలో సైజింగ్ (తడి పీల్చకుండా కాగితానికి పట్టించే జిగురు) తగ్గి ఇంకా ఎక్కువ పీల్చుకుంటుంది. కాపాడేది ఫ్రేము: నూలు అట్ట, డ్రాయింగ్‌ను అట్టకు పట్టి ఉంచే జపాన్ కాగితం కీళ్లు, గోధుమపిండి జిగురు, కాగితానికీ గాజుకూ కనీసం 5 మిల్లీమీటర్ల ఎడం. కొవ్వున్న పని గాజుకు తగిలితే అతుక్కుంటుంది. వాన తగిలే బయటి గోడకు వేలాడదీయకండి, వెలుతురు 50 లక్స్ చాలు. ఫ్రేము మూసేముందు అట్టలన్నిటినీ రెండు రోజులు ఏసీ గదిలో ఉంచి, తేమ మీటరు 50 దగ్గర నిలిచాకే వెనక సీలు వేయాలి.