పాత టీబీ చికిత్సకు కాగితాలు లేనివాళ్ల రికార్డు ఎలా రాస్తున్నారు?

కొత్తగా వలస వచ్చినవాళ్ల ఆరోగ్య రికార్డులు చూసేవాళ్లు కాస్త సాయం చేయండి. తెచ్చే చీటీల్లో మాంటూ పరీక్ష (టీబీ కోసం చర్మంలోకి సూది వేసి చూసేది) ‘పాజిటివ్’ అని మాత్రమే ఉంటోంది. 48–72 గంటల మధ్య చూశారా, గట్టిపడిన వాపు ఎన్ని మిల్లీమీటర్లు అన్నది ఉండదు. ఎర్రదనం కొలిచేసినవీ ఉన్నాయి! బీసీజీ టీకా వల్ల కూడా పాజిటివ్ రావచ్చు కదా. ఇగ్రా రక్తపరీక్షకు ఆ బెడద లేదు గానీ, నిద్రాణంగా ఉన్న టీబీయా, చురుగ్గా ఉన్న జబ్బా అన్నది అదీ తేల్చదు.

అసలు చిక్కు వేరే. ఆరు నెలల కోర్సు పూర్తయిందని నోటిమాట, ఎక్స్‌రేలో మచ్చ, పోల్చడానికి పాత ఫిల్మ్ లేదు. మందుల పేర్లు, తేదీలు, చివరి కఫం ఫలితం దొరకనప్పుడు రికార్డులో పాత చికిత్స గడిలో ‘చికిత్స పూర్తి’ అని రాస్తున్నారా, ‘ఆధారం లేదు’ అనా? కఫం మళ్లీ ఎన్నిసార్లు పంపుతున్నారు?