సర్వీస్ క్లబ్బుకి రమ్మంటున్నారు, వెళ్ళనా?

ప్రశ్న (కొత్త సభ్యురాలు)

అందరికీ నమస్కారం. ఉద్యోగం మీద ఈ దేశం వచ్చి కొద్ది నెలలవుతోంది. ఆఫీసులో అందరూ మర్యాదగానే ఉంటారు, పని అయిపోగానే ఎవరిళ్ళకి వాళ్ళు వెళ్ళిపోతారు. వారాంతాల్లో మనవాళ్ళ ఇళ్ళకి వెళ్తున్నాను, ఎంతో ఆప్యాయంగా చూస్తున్నారు. అయినా ఒక నెలపాటు నేను కనిపించకపోతే ఈ ఊళ్ళో ఏమైందని అడిగేవాళ్ళెవరూ ఉండరేమోనన్న దిగులు పోవడం లేదు.

మా ఆఫీసులో ఒక పెద్దాయన లయన్స్ క్లబ్ మీటింగుకి అతిథిగా రమ్మని మళ్ళీ మళ్ళీ పిలుస్తున్నారు. ఇలాంటి క్లబ్బులంటే డబ్బున్న వ్యాపారస్తులకేననీ, ఫొటోలు దిగడం తప్ప పెద్దగా ఏమీ ఉండదనీ విన్నాను. వాళ్ళ యాస నాకింకా సరిగ్గా అందదు, నాది వాళ్ళకి అందదు. మనలాంటివాళ్ళని నిజంగా కలుపుకుంటారా? చేరితే ఎంత సమయం పెట్టాలి, ఖర్చేమిటి? తెలిసినవాళ్ళు దయచేసి చెప్పండి.

జవాబు (రోటరీలో చాలా ఏళ్ళుగా ఉన్న సభ్యుడు)

తప్పకుండా వెళ్ళండమ్మా. అతిథిగా వెళ్ళినంత మాత్రాన చేరినట్టు కాదు, ఎవరూ ఆ రోజే సంతకం పెట్టమనరు. అన్నిసార్లు పిలిచారంటే ఆయన మాటవరసకి అన్నది కాదు.

మీ దిగులు గురించి చదువుతుంటే నాకు పాల్ హారిస్ గుర్తొచ్చాడు. వెర్మాంట్ రాష్ట్రంలో వాలింగ్‌ఫోర్డ్ అనే చిన్న ఊళ్ళో తాతయ్య, నాయనమ్మల దగ్గర పెరిగిన మనిషి. 1896లో షికాగో వచ్చి లాయరుగా ఆఫీసు తెరిచాడు. పనికి లోటు లేదు, వృత్తిలో పరిచయాలకీ లోటు లేదు. ఆదివారం వస్తే మాత్రం మనసు విప్పి మాట్లాడుకునే స్నేహితుడు కరువు. తొమ్మిదేళ్ళు అలా గడిచాక, 1905 ఫిబ్రవరి 23న, ఒక బొగ్గు వ్యాపారి, ఒక మైనింగ్ ఇంజినీరు, ఒక దర్జీ, ఆయన, నలుగురూ కలిసి ఒక ఆఫీసు గదిలో కూర్చున్నారు. రోటరీ అక్కడ పుట్టింది. ఈ రకం క్లబ్బులన్నిటికీ దారి చూపినవాడు, పెద్ద ఊళ్ళో ఒంటరితనం భరించలేకపోయిన ఒక కొత్తవాడు. కాబట్టి నాలాంటివాళ్ళకి అక్కడ చోటుందా అని మీరు సందేహపడనక్కర్లేదు.

ఆ తర్వాత జరిగింది మీకు ఇంకా ముఖ్యం. మొదట్లో వాళ్ళ మధ్య ఉన్నది స్నేహం, ఒకరి వ్యాపారానికి ఒకరు సాయపడటం, అంతే. 1906లో డొనాల్డ్ కార్టర్ అనే పేటెంట్ లాయరును చేరమని అడిగితే, సభ్యులకి తప్ప ఊరికి ఏమీ చెయ్యని క్లబ్బు మీద తనకి ఆసక్తి లేదన్నాడు. వాళ్ళు నొచ్చుకోలేదు. ఊరి మేలును కూడా క్లబ్బు ఉద్దేశాల్లోకి తెచ్చి, ఆయన్నీ చేర్చుకున్నారు. మరుసటి ఏడు షికాగో సిటీ హాలు దగ్గర పబ్లిక్ టాయిలెట్ల కోసం పట్టుబట్టి పని చేశారు. వాళ్ళ తొలి ప్రజాసేవ అదే.

ఆ మలుపు రాకపోతే ఆ క్లబ్బు ఇన్నాళ్ళు నిలిచేది కాదని నా నమ్మకం. ఊరికే కబుర్ల కోసం కలిసేచోట మాటకారులకి పట్టు దొరుకుతుంది, మొహమాటస్థులు మూలన మిగిలిపోతారు. కొత్త దేశంలో, కొత్త యాసలో మనందరం కొంతకాలం మొహమాటస్థులమే. పని ఉన్నచోట సంగతి వేరు. రక్తదాన శిబిరంలో పేర్లు రాసుకునే బల్ల దగ్గర మీ పక్కన ఒకరు కూర్చుంటే, మాట్లాడుకోవడానికి విషయం వెతుక్కోనక్కర్లేదు. "ఆ ఫారాలు ఇటివ్వండి" దగ్గర మొదలై మధ్యాహ్నానికి పిల్లల చదువుల దాకా వస్తుంది. నాకు ఇక్కడున్న దగ్గరి స్నేహాల్లో చాలావరకు అలా ఏదో ఒక పని పక్కన పుట్టినవే.

అందుకే నేను కొత్తవాళ్ళందరికీ చెప్పేది ఇదొక్కటే: చిన్నదైనా సరే, ప్రతిసారీ వచ్చే పని ఒకటి అడిగి తీసుకోండి. ఏడాదికొక పెద్ద కార్యక్రమం నెత్తిన వేసుకోవద్దు, అది అవగానే మళ్ళీ ఖాళీ. మీటింగు మొదలవక ముందు గుమ్మం దగ్గర నిలబడి వచ్చినవాళ్ళకి పేరు బ్యాడ్జీలు ఇచ్చే పని ఉంటుంది. అది అడగండి. వచ్చిన ప్రతి మనిషీ మీ చేతి మీదుగానే లోపలికి వెళ్ళాలి. నెల తిరక్కుండా అందరి పేర్లూ మీకు వస్తాయి, మీ పేరు పలకడం వాళ్ళకి వస్తుంది. తప్పు పలికితే నవ్వుతూ సరిదిద్దండి. వాళ్ళ సౌకర్యం కోసం పేరు పొట్టి చేసుకోవడం నాకైతే నచ్చదు. ఒక వారం మీరు వెళ్ళలేదనుకోండి, బ్యాడ్జీల పెట్టె తెరిచేవాళ్ళు ఉండరు, ఆ సాయంత్రమే మీకు ఫోనొస్తుంది. నెలరోజులు కనిపించకపోయినా అడిగేవాళ్ళుండరని రాశారే, దానికి నాకు తెలిసిన మందు అదే.

ఆ గది ఏర్పాట్లు చూసే పదవిని చాలా క్లబ్బుల్లో సార్జెంట్ ఎట్ ఆర్మ్స్ అంటారు. పేరు పెద్దగా ఉంటుంది గానీ, కుర్చీలు వేయించడం, మైకు చూడటం, గంట సర్దిపెట్టడం వంటివే ఎక్కువ. రోటరీలోనూ లయన్స్‌లోనూ ఏడాది జూలై 1న మొదలవుతుంది, అధ్యక్షులు, కార్యదర్శులు ఆ రోజునుంచి మారతారు. నిన్నటి అధ్యక్షురాలు ఇవాళ మీతోపాటు కుర్చీలు మడతపెడుతుంది. ఈ పద్ధతి నాకు ఎంతో ఇష్టం. కుర్చీ ఎవరికీ శాశ్వతం కాదు కాబట్టి గదిలో ఎవరూ మరీ పెద్దవాళ్ళుగా కనిపించరు. వేసవి ముందు నెలల్లో కొత్త కమిటీల కోసం మనుషుల్ని వెతుకుతుంటారు, అప్పుడు చెయ్యెత్తితే సంతోషంగా తీసుకుంటారు.

ఖర్చు సంగతి. సభ్యత్వ రుసుములో కొంత క్లబ్బుకి, కొంత జిల్లాకి (అంటే ఆ ప్రాంతంలోని క్లబ్బులన్నీ కలిసిన విభాగానికి), కొంత అంతర్జాతీయ సంస్థకి వెళ్తుంది. భోజనంతో కలిసిన మీటింగైతే అది వేరే లెక్క. మొత్తం ఏడాదికి ఎంతవుతుందో చేరకముందే అడగండి, అడగడం తప్పు కాదు, కార్యదర్శి కాగితం మీద రాసిస్తారు. ఇంకోటి కూడా అడగండి: క్లబ్బు నడపడానికి ఒక ఖాతా, సేవ కోసం జనం ఇచ్చిన డబ్బుకి ఇంకో ఖాతా విడివిడిగా ఉన్నాయా అని. జనం దగ్గర పోగుచేసిన సొమ్ములోంచి సభ్యుల భోజనాలకి పైసా వాడకూడదు. ఈ ప్రశ్నకి తడుముకోకుండా జవాబిచ్చే క్లబ్బు మంచి క్లబ్బు.

సమయం అంటారా, వారానికొకసారి కలిసేవి ఉన్నాయి, నెలకి రెండుసార్లు కలిసేవీ ఉన్నాయి. పూర్వం రోటరీలో హాజరు పట్టింపు ఎక్కువ, 2016లో నియమాలు సడలించి క్లబ్బులకే వదిలేశారు. మీరు చిన్నవయసువారైతే రోటరాక్ట్ కూడా చూడండి, 1968లో యువత కోసం మొదలుపెట్టారు, అక్కడ మీ వయసువాళ్ళు దొరుకుతారు.

జవాబు (లయన్స్ సభ్యురాలు)

పైన అన్నగారు రాసినదాంట్లో ఒక్క విషయం దగ్గర నా అభిప్రాయం వేరు. మొదటిసారే మీటింగుకి వెళ్ళమని నేను చెప్పను. మీటింగులో ప్రకటనలు, నివేదికలు, వాళ్ళలో వాళ్ళు నవ్వుకునే పాత సంగతులు ఉంటాయి, ఆ యాసలో అవన్నీ మొదటి రోజు వింటే నీరసం వస్తుంది. మిమ్మల్ని పిలిచిన పెద్దాయన్ని, "ముందు ఏదైనా సేవా కార్యక్రమానికి వస్తానండీ" అని అడగండి. వాడేసిన కళ్ళజోళ్ళు పోగుచేసి, శుభ్రం చేసి, పవర్ చూసి వేరుచేసే పని మా క్లబ్బుల్లో చాలాచోట్ల ఉంటుంది. చేతులు పనిచేస్తుంటే మాట తప్పుపోయినా ఎవరూ పట్టించుకోరు.

కళ్ళజోళ్ళే ఎందుకంటే దానికో కథ ఉంది. 1925లో ఒహాయోలో సీడర్ పాయింట్ అనేచోట జరిగిన లయన్స్ మహాసభలో, చూపూ వినికిడీ లేని రచయిత్రి హెలెన్ కెల్లర్ మాట్లాడుతూ, చూపులేనివారి తరఫున చీకటి మీద పోరాడే వీరులు కమ్మని కోరారు. క్లబ్బు పుట్టి అప్పటికి ఎనిమిదేళ్ళే. ఆ ఒక్క ప్రసంగం సంస్థ దారి మార్చేసింది, కంటి ఆస్పత్రులు, శుక్లాల ఆపరేషన్లు, కళ్ళజోళ్ళు అన్నీ అక్కడినుంచి వచ్చినవే.

ఇక కలుపుకుంటారా అన్న ప్రశ్న. దీనికి తియ్యగా చెప్పలేను. ఈ క్లబ్బులు మొదటినుంచీ అందరివీ కావు. రోటరీ, లయన్స్ రెండూ దశాబ్దాలపాటు మగవాళ్ళవే. ఆడవాళ్ళు ఊరుకోలేదు, సొంతంగా పెట్టుకున్నారు: 1919లో బఫలోలో జోంటా, 1921లో ఓక్లండ్‌లో సొరాప్టిమిస్ట్, 1924లో మాంచెస్టర్‌లో ఇన్నర్ వీల్. కాలిఫోర్నియాలో డ్వార్టే అనే చిన్న ఊరి రోటరీ క్లబ్బు ఆడవాళ్ళని చేర్చుకుంటే, అంతర్జాతీయ సంస్థ ఆ క్లబ్బు గుర్తింపే తీసేసింది. ఆ గొడవ అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్ళి 1987లో ఆడవాళ్ళని కాదనడానికి వీల్లేదని తీర్పొచ్చింది. అదే ఏడు లయన్స్ తలుపు తీసింది, 1989లో రోటరీ తన నియమం మార్చుకుంది. తలుపు బయటినుంచి తట్టినవాళ్ళూ, లోపలినుంచి తీసినవాళ్ళూ ఇద్దరూ ఉండబట్టే మీరూ నేనూ ఇవాళ ఆ గదిలో కూర్చోగలుగుతున్నాం. రోటరీ అంతర్జాతీయ అధ్యక్ష పదవిలో 1962–63లోనే మన భారతీయుడు నితీశ్ లాహరీ కూర్చున్నారు, 2021–22లో మళ్ళీ మనవాడే, శేఖర్ మెహతా. ఒక మహిళ రావడానికి మాత్రం 2022 దాకా పట్టింది, కెనడాకి చెందిన జెనిఫర్ జోన్స్.

పైన ఎవరున్నా, మీ ఊరి క్లబ్బు ఎలా ఉందన్నదే మీకు కావాలి. అది కనిపెట్టడం కష్టం కాదు. కొత్త సభ్యులు మైకు పట్టుకుంటున్నారా, లేక ఆ నలుగురేనా? కిందటేడు చేరినవాళ్ళు ఈ ఏడు కనిపిస్తున్నారా? మిమ్మల్ని పక్కన కూర్చోబెట్టుకున్నవాళ్ళు మీ గురించి అడుగుతున్నారా, లేక మీ దేశం గురించి మాత్రమే అడుగుతున్నారా? ఈ మూడోదాన్ని నేను బాగా పట్టించుకుంటాను. నచ్చకపోతే మారండి. ఒక్క ఊళ్ళోనే రెండు క్లబ్బులు పూర్తిగా వేరే స్వభావంతో ఉంటాయి, ఒకటి చూసి అన్నీ అంతే అనుకోవద్దు.

ప్రశ్న (కొత్త సభ్యురాలు)

ఇద్దరికీ చాలా థాంక్సండీ. కళ్ళజోళ్ళ పని ఎప్పుడుంటుందో ఆయన్ని ఇవాళే అడుగుతాను. ఇంకో రెండు సందేహాలు. నేను వర్క్ వీసా మీద ఉన్నాను, జీతం లేని పనికి ఇబ్బందేమైనా ఉంటుందా? ఇంకోటి, మనవాళ్ళతో తిరగడం తగ్గితే వాళ్ళు ఏమైనా అనుకుంటారేమో.

జవాబు (రోటరీలో చాలా ఏళ్ళుగా ఉన్న సభ్యుడు)

వీసా షరతులు ఒకసారి మీరే చదవండి. కుర్చీలు వెయ్యడం, కళ్ళజోళ్ళు వేరుచెయ్యడం లాంటి స్వచ్ఛంద సేవకి సాధారణంగా అడ్డుండదు. మామూలుగా జీతమిచ్చి చేయించుకునే పనిని ఉచితంగా చెయ్యడం కొన్నిచోట్ల ఉద్యోగం కిందికే వస్తుంది. క్లబ్బు లెక్కలు రాయమనో, వెబ్‌సైటు చెయ్యమనో నియమితంగా అడిగితే ముందు మీ కంపెనీ ఇమిగ్రేషన్ లాయరుని అడిగాకే ఒప్పుకోండి. పిల్లలతో, ముసలివాళ్ళతో చేసే కార్యక్రమాలకి చాలాచోట్ల పోలీసు రికార్డుల తనిఖీ ఉంటుంది, మీరు కొత్తవారని అనుమానించి అడిగారనుకోవద్దు, ఆ నియమం అందరికీ ఉన్నదే. దానికి కొంత సమయం పడుతుంది కాబట్టి ముందే దరఖాస్తు పెట్టుకోండి.

మనవాళ్ళ సంగతి. వాళ్ళని వదులుకోమని ఎవరు చెప్పినా వినకండి. కష్టమొచ్చినప్పుడు అర్ధరాత్రి తలుపు తీసేది వాళ్ళే. అయితే ఈ ఊళ్ళో ఏ స్కూలు మంచిది, ఏ వీధిలో ఇల్లు తీసుకోవాలి, మునిసిపాలిటీలో ఎవరిని కలవాలి అన్నవి ఇక్కడ పుట్టి పెరిగినవాళ్ళకి తెలిసినంతగా మనకి తెలియవు. రెండూ కావాలి. మా క్లబ్బు రక్తదాన శిబిరానికి నేను మన సంఘం పిల్లల్ని తీసుకెళ్తుంటాను, మన సంఘం సభలకి క్లబ్బువాళ్ళు వస్తుంటారు.

పోలియో గురించి కూడా మా క్లబ్బులో తరచు మాటొస్తుంది. రోటరీ 1985లో ఆ పని తలకెత్తుకుంది, భారతదేశం పోలియో నుంచి విముక్తమైందని 2014 మార్చి 27న ప్రపంచ ఆరోగ్య సంస్థ ధ్రువీకరించింది. మీ క్లబ్బులోనూ ఆ చుక్కల కోసం ఏళ్ళతరబడి డబ్బు పోగుచేసిన పెద్దవాళ్ళు ఉండొచ్చు, లయన్స్ కూడా ఆ పనిలో చెయ్యి కలిపింది. మీ ఇంట్లో ఎవరైనా ఆ చుక్కలు వేయించుకున్నవాళ్ళుంటే ఆ సంగతి ఆ పెద్దవాళ్ళకి చెప్పండి. తాము పంపిన డబ్బు ఎవరికి చేరిందో చూడటం వాళ్ళలో చాలామందికి అదే మొదటిసారి అవుతుంది.

కళ్ళజోళ్ళ పనికి వెళ్ళొచ్చాక ఎలా ఉందో ఇక్కడ రాయండి. ఆ క్లబ్బు కుదరకపోతే మీరుండే ఊరి పేరు నాకు విడిగా పంపండి, దగ్గర్లో ఏ క్లబ్బులు సాయంత్రాలు కలుస్తాయో కనుక్కుని చెప్తాను.