ఊరి గానుగ దిగుమతి నూనెను తట్టుకుంటుందా?

సీమ రైతు:
మా మండలమంతా శెనక్కాయే, ఇంటింటా మాత్రం పామాయిల్ ప్యాకెట్లు. రైతు సంఘం తరఫున కరెంటు చెక్క గానుగ పెడితే ఊరి డబ్బు ఊళ్లో నిలుస్తుందా? లెక్క ఎలా వేయాలి?

గానుగ పని:
100 కిలోల ఎండుకాయ ఒలిస్తే 68–70 కిలోల పప్పు వస్తుంది. గానుగలో పప్పు బరువులో 40 శాతం దాకా నూనె దిగుతుంది. అంటే 27 కిలోలు, ఇంచుమించు 30 లీటర్లు. నూనె తీశాక మిగిలే పిండి, అంటే పశువులకు వేసే శెనగ చెక్క, 40 కిలోలు వస్తుంది. కాయ ధర, ఒలుపు, కూలి, కరెంటు, సీసాలు అన్నీ కలిపి, చెక్క మీద వచ్చేది తీసేసి 30తో భాగించండి, లీటరు ఖర్చు తేలుతుంది. చెక్కకు ఊళ్లోనే పాడి రైతులు లేకపోతే ఈ లెక్క కుదరదు.

చెడేది తేమ దగ్గరే. పప్పు మరీ ఎండితే నూనె దిగదు, కాస్త నీళ్లు చిలకరించాలి. తేమ ఎక్కువైతే నూనె మబ్బుగా దిగి తొందరగా ముక్కిపోతుంది. బూజు పట్టిన గింజ ఒక్కటీ వదలకుండా ఏరించండి. ఆ బూజు విషం అఫ్లాటాక్సిన్ వడపోతతో పోదు, చెక్కలో చేరి, అది తిన్న పశువు పాలలోకీ వస్తుంది. నూనెను మూడు నాలుగు రోజులు స్టీలు పాత్రలో తేరనిచ్చి మడ్డి తీసేయండి. విడి నూనె అమ్మకానికి నిబంధనలు ఒప్పుకోవు. ఆహార భద్రత రిజిస్ట్రేషన్, లేబుల్ ముందే చూసుకోండి.

సుంకాల లెక్క:
గానుగ ఎంత బాగా నడిచినా, దిగుమతి సుంకం తగ్గించే ఢిల్లీ నిర్ణయం దాన్ని ముంచగలదు. 1986 నూనెగింజల మిషన్ తర్వాత, 1990ల మొదట్లో మన నూనె దాదాపు మనమే పండించుకున్నాం. 1994లో పామోలిన్ (శుద్ధి చేసిన పామాయిల్) దిగుమతికి 65 శాతం సుంకంతో తలుపు తీశారు, 1998కల్లా అది 15 శాతం అయింది. ఇప్పుడు వాడకంలో సగానికి పైగా దిగుమతే. 2024 సెప్టెంబరులో ముడి నూనెల మీద మొత్తం సుంకం 5.5 నుంచి 27.5 శాతానికి పెంచారు. 2025 మే చివర, సరిగ్గా ఖరీఫ్ విత్తనానికి ముందు, 16.5కి దించారు. ఒక సుంకం చూసి పంట వేసినవాడు ఇంకో సుంకం కింద అమ్ముకోవాలి. ఇది రైతుకు చేసే అన్యాయం.

గోదావరి పామాయిల్ రైతు:
స్థానికంగా పండితే చాలదు. ఏలూరు, అశ్వారావుపేట వైపు గెలలు ఇక్కడివే, మిల్లులూ ఇక్కడివే. గెల ధర మాత్రం ముడి పామాయిల్ ధరతో పాటే లేచి పడుతుంది. కోసిన గెల 24 గంటల్లో మిల్లు చేరకపోతే నూనెలో ఆమ్లం పెరుగుతుంది. అందుకే ధర నచ్చకపోయినా ఆపుకోలేం. శెనక్కాయ ఎండితే నెలలు నిలుస్తుంది, ఆ బలం మీకుంది. చవక ప్యాకెట్ కొనే కూలివాళ్లను తప్పుపట్టకండి, వాళ్లకు పావు లీటరు సీసా కూడా పెట్టండి. ముందు 50 ఇళ్లతో నెలకు 2 లీటర్ల చొప్పున మాట తీసుకోండి. ఆ 100 లీటర్లకు సుమారు 340 కిలోల కాయ చాలు.