కొరియా యుద్ధానికి కారణాలు: 1950 నుంచి రాయాలా, 1945 నుంచా?

మద్దిలపాలెం విద్యార్థి:
సివిల్స్ మెయిన్స్‌కి ప్రపంచ చరిత్ర చదువుతున్నానండీ. కొరియా యుద్ధం దగ్గర నా నోట్సులో "ఉత్తరం దాడి చేసింది, వెనక సోవియట్ ఉంది" అని రెండు ముక్కలే ఉన్నాయి. ఒకే భాష మాట్లాడే జనం ఐదేళ్లలో అంతదాకా ఎందుకు వెళ్లారు? 250 మాటల్లో ఏ వరసలో రాయాలి?

కైలాసగిరి:
1945 ఆగస్టు నుంచి మొదలుపెట్టండి. అప్పటిదాకా కొరియాను ఏలిన జపాన్ లొంగిపోతుందనగా సోవియట్ సేనలు కొరియాలోకి దిగాయి. వాషింగ్టన్‌లో డీన్ రస్క్, చార్లెస్ బోన్‌స్టీల్ అనే ఇద్దరు అధికారులు రాత్రికి రాత్రి మ్యాపు చూసి 38వ అక్షాంశాన్ని సరిహద్దుగా ఎంచారు: పైన సోవియట్ సేనలు, కింద అమెరికా సేనలు. సియోల్ తమవైపు ఉండాలన్నదే వాళ్ల లెక్క. కొరియన్లను అడిగినవాళ్లే లేరు.

ఆ గీతతో భారీ పరిశ్రమలు, జలవిద్యుత్తు ఉత్తరానికి పోయాయి, వరి భూములు ఎక్కువగా దక్షిణాన మిగిలాయి. 1948 మేలో ఉత్తరం కరెంటు ఆపేసింది. మాచ్‌ఖండ్, సీలేరు ఒక దేశంలో, విశాఖ ఇంకో దేశంలో పడ్డాయనుకోండి, ఆ దెబ్బ ఎలాంటిదో అర్థమవుతుంది.

చాలామంది వదిలేసేది భూమి సంగతి. 1946లో ఉత్తరాన భూస్వాముల పొలాలు తీసుకుని రైతులకు ఉచితంగా పంచారు. పొలాలు పోయినవాళ్లు ఆ కసితోనే దక్షిణానికి వచ్చారు. దక్షిణానేమో జపాన్ కింద పనిచేసిన పోలీసులనే అమెరికా సైనిక ప్రభుత్వం కొనసాగించింది, జనం మండిపడ్డారు. 1948లో ఏప్రిల్‌లో జెజు ద్వీపం, అక్టోబరులో యోసు పట్టణం తిరగబడ్డాయి. జెజు అణచివేతలో వేలమంది చనిపోయారు. ఈ పేరా లేకుండా జవాబు రాయకండి.

భీమిలి రోడ్డు:
పైన చెప్పింది నిజమే, కానీ 1949లో రాని యుద్ధం 1950 జూన్‌లో ఎందుకొచ్చిందో చెప్పకపోతే జవాబు సగమే. బలంతో దేశాన్ని కలపాలని దక్షిణ అధ్యక్షుడు సింగ్మన్ రీకీ ఉంది, ఉత్తర నాయకుడు కిమ్ ఇల్ సుంగ్‌కీ ఉంది. 1949లో సరిహద్దు మీది ఓంగ్జిన్, కేసాంగ్ దగ్గర రెండు సైన్యాలూ కొట్టుకున్నాయి. రీ ఉత్తరం మీదికి పోతాడేమోనని అమెరికా ట్యాంకులివ్వలేదు. కిమ్ అడిగితే స్టాలిన్ కూడా 1949లో వద్దన్నాడు.

తర్వాత లెక్క మారింది. అమెరికా సేనలు 1949 జూన్‌కల్లా వెళ్లిపోయాయి. ఆగస్టులో సోవియట్ అణుబాంబు, అక్టోబరులో చైనాలో మావో ప్రభుత్వం. చైనా అంతర్యుద్ధంలో పోరాడిన వేలాది కొరియన్ సైనికులు ఉత్తరానికి తిరిగొచ్చారు. 1950 జనవరి చివర్లో స్టాలిన్ సాయానికి సిద్ధమన్నాడు, మావో ఒప్పుకోవాలని షరతు పెట్టాడు. మేలో మావో సరేనన్నాడు. జూన్ 25 తెల్లవారుజామున ఉత్తరం నుంచి సోవియట్ తయారీ టి-34 ట్యాంకులు దిగేసరికి దక్షిణం దగ్గర ఒక్క ట్యాంకూ లేదు.

1950 జనవరి 12న అమెరికా విదేశాంగ మంత్రి ఎచిసన్ తన ప్రసంగంలో అమెరికా రక్షణ రేఖకు బయట కొరియాను వదిలేశాడు. అదొక్కటే కారణమన్నట్టు రాస్తే మార్కులు పోతాయి.

మద్దిలపాలెం విద్యార్థి:
చాలా థాంక్స్ సార్. మ్యాపు వేస్తే 38వ అక్షాంశం ఒక్కటే గీస్తే చాలా?

కైలాసగిరి:
చాలదు, తప్పులు ఎక్కువగా అక్కడే. 38వ అక్షాంశం అడ్డంగా తిన్నటి గీత. 1953 కాల్పుల విరమణ రేఖ పడమరన దానికి కిందుగా మొదలై తూర్పున పైకి పోతుంది. రెండూ వేరే రంగుల్లో గీయండి. యుద్ధానికి ముందు దక్షిణంలో ఉన్న కేసాంగ్ ఇప్పుడు ఉత్తరంలో ఉంది, సొక్చో అటునుంచి ఇటు వచ్చింది. ఈ రెండు ఊళ్లూ గుర్తించండి.