అప్‌డేట్: వోకల్ ప్రొడ్యూసర్ పని ఏంటో ఇప్పుడు అర్థమైంది

పాప్ పాటల క్రెడిట్స్‌లో ప్రొడ్యూసర్ ఉండగా మళ్లీ విడిగా వోకల్ ప్రొడ్యూసర్ ఎందుకు, ఆ పని ఇంజనీరు చెయ్యలేడా అని మొన్న అడిగాను కదా. కుక్ హారెల్ గురించి చదవమన్నారు. చదివాను.

రియానా, జస్టిన్ బీబర్ లాంటివాళ్ల గొంతులు రికార్డు చేసిన అమెరికన్ వోకల్ ప్రొడ్యూసర్ ఈయన. 2007లో వచ్చిన రియానా పాట ‘అంబ్రెల్లా’ రాసినవాళ్లలో ఒకడు. బియాన్సే ‘సింగిల్ లేడీస్’కీ అంతే, దానికి 2010లో సాంగ్ ఆఫ్ ది ఇయర్ గ్రామీ వచ్చింది. నేనేమో మీటలు నొక్కే మనిషి అనుకున్నా!

అసలు పని కాంపింగ్ దగ్గరుందట, అంటే చాలాసార్లు పాడినదాంట్లోంచి మంచి ముక్కలు ఏరి ఒకటిగా అతకడం. ఒకే లైను పదిసార్లు పాడిస్తారు. ఒక టేకులో మొదటి మాట, ఇంకోదాంట్లో చివరి అక్షరం, వేరేదాంట్లోంచి ఊపిరి శబ్దం ఏరి అతుకు తెలీకుండా కలుపుతారు. పాడించేదీ రికార్డు చేసేదీ ఒక్కడే అయితే మధ్యలో ఆగక్కర్లేదు, సింగర్ మూడ్ చెడదు.

‘ఆటోట్యూన్ ఉందిగా’ అన్నవాళ్లకి: ఆ సాఫ్ట్‌వేర్ 1997 నుంచీ ఉంది, శ్రుతి సరిచేస్తుంది. ఏ టేకు బాగుందో మాత్రం చెప్పదు.

ఇదంతా విని మా తమ్ముడు పాటల రికార్డింగ్‌కి కొత్త మైకు కొనడం వాయిదా వేశాడు. ముందు ఫ్రెండ్‌తో పాడించి కాంపింగ్ నేర్చుకుంటాడట.