ఊరి లోపల ఉన్న మా గానుగని మ్యాప్‌లో సరిగ్గా పెట్టడం ఎలా?

గానుగింటి_అబ్బాయి:

అన్నలూ అక్కలూ, పోస్టు కాస్త పెద్దదే, ఓపిక పట్టి చదవండి.

జనగామ–సూర్యాపేట రోడ్డు మీంచి లోపలికి వెళ్తే మా ఊరు. మా బాపు చెక్క గానుగ నడుపుతాడు. పల్లి, నువ్వులు, కుసుమలు, కొబ్బరి పడతాడు. ఊళ్లోవాళ్లు, చుట్టుపక్కలవాళ్లు గింజలు తెచ్చి పట్టించుకుని పోతారు, వాళ్లకి ఏ మ్యాపూ అక్కర్లేదు. కానీ ఈమధ్య హనుమకొండ నుంచి, హైదరాబాద్ నుంచి కార్లేసుకుని వచ్చేవాళ్లు పెరిగారు, ఒకరు చెబితే ఇంకొకరు. వాళ్లందరిదీ ఒకటే గోల. మ్యాప్ పెట్టుకుని వస్తే పంచాయతీ ఆఫీసు ముందు తెచ్చి ఆపుతుంది. అక్కడినుంచి ఫోన్ చేస్తారు. బాపు చేతులు నూనెలో ఉంటాయి, ఎత్తలేడు, అమ్మ ఎత్తి వాటర్ ట్యాంకు దాటాక ఎడమకి తిరగండి, చింతచెట్టు దగ్గర ఆగండి అని ప్రతి ఒక్కరికీ మొదటినుంచీ చెప్పాలి. ఎవరూ ఎత్తకపోతే తిరిగి వెళ్లిపోయినవాళ్లూ ఉన్నారు.

ఏంటా అని చూస్తే, మా గానుగని ఎవరో ఎప్పుడో గూగుల్ మ్యాప్స్‌లో పెట్టేశారు. పేరు 'ఆయిల్ మిల్' అని ఉంది, ఫోన్ నంబర్ మాది కాదు, పిన్ పంచాయతీ ఆఫీసు మీద ఉంది. కానీ దాని కింద మంచి రివ్యూలు ఉన్నాయి, ఎవరో బాపు ఫొటో కూడా పెట్టారు. ఇప్పుడు కొత్తది పెట్టాలా, ఉన్నదాన్నే సరిచేసుకోవాలా? మాకు ఇంటి నంబర్ ఉంది, వీధి పేరంటూ లేదు. పైగా ఒకతను వారం నుంచి ఫోన్లు, మీ లిస్టింగ్ గడువు అయిపోతోంది, 3,500 కడితే ఏడాదికి రెన్యువల్ చేస్తాం, లేకపోతే మ్యాప్‌లోంచి తీసేస్తారు అని. బాపు టెన్షన్ పడి కట్టేద్దాం అంటున్నాడు. నేను పుణెలో ఉద్యోగం, దసరాకి గానీ రాలేను. ఇక్కడినుంచి ఎంతవరకు చేయొచ్చు?

హనుమకొండ_స్టూడియో:

తమ్ముడూ, ముందు బాపుకి ఫోన్ చేసి ఒక్క రూపాయి కూడా కట్టొద్దని చెప్పు, మిగతాది తర్వాత చదువు. గూగుల్‌లో వ్యాపారం పెట్టుకోవడం పూర్తిగా ఉచితం. దానికి గడువు లేదు, రెన్యువల్ లేదు. పనివేళలు కనుక్కోవడానికి గూగుల్ నుంచి ఆటోమేటిక్ కాల్ ఒక్కోసారి వస్తుంది కానీ డబ్బు మాత్రం అడగదు. అతను మెసేజ్‌లో వచ్చిన కోడ్ ఏదైనా చెప్పమన్నా చెప్పొద్దను. ఆ కోడ్ చేతికి వస్తే మీ గానుగ లిస్టింగ్ వాడి మెయిల్ మీదకి వెళ్లిపోతుంది, తర్వాత మీ నంబర్ మార్చుకోవాలన్నా వాడినే అడగాలి. చిన్న ఊళ్లలో పెద్దవాళ్లని పట్టుకుని ఇలా భయపెట్టడం చూస్తుంటే ఒళ్లు మండుతుంది.

ఇక అసలు సంగతి. కొత్తది పెట్టొద్దు. ఒకే చోటుకి రెండు లిస్టింగులు అయితే ఒకటి డూప్లికేట్ కింద పోతుంది, వచ్చేవాళ్లు ఏది సరైనదో తేల్చుకోలేక మళ్లీ పంచాయతీ దగ్గరే ఆగుతారు. ఆ రివ్యూలు బాపు కష్టానికి వచ్చినవి, వాటిని వదులుకోకండి. ఉన్నదాన్ని తెరిస్తే కిందకి ఇది మీ వ్యాపారమేనా అని అడిగే చోటు ఉంటుంది, అక్కడ నొక్కి క్లెయిమ్ చేయాలి. ఎవరూ క్లెయిమ్ చేయకుండా ఉంటే నేరుగా వెరిఫికేషన్‌కి వెళ్తుంది. ఇప్పటికే ఎవరి చేతిలోనో ఉంటే వాళ్ల మెయిల్‌లో కొన్ని అక్షరాలు చూపించి, అనుమతి అడగమంటుంది. అవతలివాళ్లు జవాబివ్వడానికి 3 రోజుల గడువు ఉంటుంది. వాళ్లు ఉలకకపోతే నువ్వే వెరిఫై చేసుకునే దారి చాలాసార్లు తెరుచుకుంటుంది.

ఇదంతా బాపు పేరు మీదున్న జీమెయిల్‌తోనే చెయ్యి. అసలు ఓనర్‌గా ఆయనే ఉండాలి. తర్వాత నిన్ను కూడా ఓనర్‌గా కలుపుకుంటే పుణెలో కూర్చుని టైమింగులు, ఫొటోలు, రివ్యూలకి జవాబులు అన్నీ చూసుకోవచ్చు. కొత్తగా కలిపిన మనిషికి మొదటి 7 రోజులు కొన్ని పనులకి అనుమతి ఉండదు, అది చూసి కంగారుపడకు.

వెరిఫికేషన్‌కి ఈమధ్య ఎక్కువగా వీడియోనే అడుగుతున్నారు. అది మాత్రం గానుగ దగ్గరే తీయాలి, అక్కడున్న ఎవరైనా తీయొచ్చు. మధ్యలో ఆపకుండా ఒకే షాట్, 30 సెకన్లకి తగ్గకూడదు. మా స్టూడియోకొచ్చే షాపువాళ్లకి నేను చెప్పే వరస ఇది. రోడ్డు మీద నిలబడి మొదలుపెట్టండి, పక్కనున్న వాటర్ ట్యాంకో బడో ఏదో ఒక గుర్తు కనిపించాలి. అక్కడినుంచి నడుచుకుంటూ బోర్డు దగ్గరికి రావాలి, పేరు చదవగలిగేలా రెండు క్షణాలు ఆగాలి. తర్వాత బాపు తాళం తీసి లోపలికి వెళ్లడం చూపించాలి, అది ముఖ్యం, ఈ చోటు మీ చేతిలోదే అని చూసేవాళ్లకి తెలిసేది అక్కడే. లోపల రోలులో రోకలి తిరుగుతుండాలి, నూనె పాత్రలోకి కారుతుండాలి, పక్కన పల్లి చెక్క (నూనె తీశాక మిగిలే పిప్పి) బస్తాలు కనిపించాలి. చివర్లో కరెంటు బిల్లో, ఆహార భద్రత రిజిస్ట్రేషన్ కాగితమో చూపిస్తే ఇంకా గట్టిగా ఉంటుంది, ఆధార్, బ్యాంకు పాస్‌బుక్ మాత్రం పెట్టొద్దు. జనం మొహాలు పడకుండా చూసుకోండి. పగటిపూట తీయండి, సిగ్నల్ ఉన్నచోట అప్‌లోడ్ చేయండి. 5 పనిదినాల్లోపు జవాబు రావాలి.

బోర్డు సంగతి నువ్వు రాయలేదు. గోడకి గట్టిగా బిగించిన బోర్డు ఉండాలి. మ్యాప్‌లో పేరు కూడా అచ్చం బోర్డు మీద ఉన్నట్టే ఇవ్వు. 'స్వచ్ఛమైన గానుగ నూనె హైదరాబాద్ బెస్ట్' లాంటి తోకలు తగిలిస్తే ప్రొఫైల్ సస్పెండ్ అయ్యే ప్రమాదం ఉంది. దాన్ని తిరిగి తెచ్చుకునే తతంగం పగవాడికి కూడా వద్దు.

పని_చేసిపెడతా:

పైన అన్న చెప్పిందంతా సరైనదే, ఒక్క మాట కలుపుతాను. డబ్బు తీసుకుని ఈ పని చేసేవాళ్లందరూ మోసగాళ్లు కారు. నేను ఖమ్మంలో ఇదే పని చేస్తాను. ఫోన్ వాడటం రాని కిరాణా కొట్టాయన దగ్గరికి వెళ్లి, ఒక పూట కూర్చుని, ఫొటోలు తీసి, అన్నీ పెట్టి ఇస్తే నా కూలి నేను తీసుకుంటాను. తేడా ఎక్కడంటే, ఓనర్ మెయిల్ ఆయనదే ఉంటుంది, నన్ను మేనేజర్‌గా పెడతారు, పనయ్యాక తీసేస్తారు. నాకు ఓనర్‌షిప్ ఇవ్వండి అనే ఏ ఏజెంట్‌నీ నమ్మకండి. మొదటి పేజీలో పైన తెప్పిస్తాం, 50 రివ్యూలు వేయిస్తాం అనేవాళ్లని అసలు గడప తొక్కనివ్వకండి. డబ్బులిచ్చి వేయించిన రివ్యూలు నిబంధనలకి విరుద్ధం. రివ్యూ రాస్తే అర లీటరు నూనె ఫ్రీ అని మీరే పెట్టినా అంతే.

కేటగిరీ జాగ్రత్తగా ఎంచుకోండి. ముఖ్యమైనది ఒకటే, అదనంగా 9 వరకు ఇవ్వొచ్చు కానీ అన్నీ నింపాలని ఏమీ లేదు. ఫ్యాక్టరీ లాంటిది ముఖ్యమైనదిగా పెడితే నూనె కొనేవాళ్లకి కనపడరు, నూనె అమ్మే దుకాణానికి దగ్గరగా ఉన్నది చూడండి.

భీమవరం_మేకప్:

మధ్యలో అడుగుతున్నందుకు ఏమనుకోకండి. నేను పెళ్లికూతుళ్లకి మేకప్ చేస్తాను, వాళ్లింటికే వెళ్తాను, నాకు షాపు లేదు. నాకూ మ్యాప్‌లో ఉండాలని ఉంది కానీ ఇంటి అడ్రస్ అందరికీ కనపడితే మా అత్తగారు, మావారు ఒప్పుకోరు, నాకూ ఇష్టం లేదు. రాత్రిపూట ఎవరో తలుపు కొడితే ఏం చేస్తాం? ఏదైనా దారి ఉందా?

హనుమకొండ_స్టూడియో:

ఉందమ్మా, మీలాంటివాళ్ల కోసమే. ప్రొఫైల్ పెట్టేటప్పుడు కస్టమర్లు మీ దగ్గరికి వస్తారా అని అడిగితే లేదు అనండి. అప్పుడు అడ్రస్ ఎవరికీ కనపడదు, మీరు వెళ్లే ఊళ్లు మాత్రమే కనపడతాయి. అలా 20 ప్రాంతాల వరకు ఇవ్వొచ్చు. భీమవరం, తణుకు, పాలకొల్లు, నరసాపురం ఇలా దగ్గరవి పెట్టండి, రెండు గంటల ప్రయాణానికి మించి పోవద్దు. వీడియోలో షాపు బోర్డు బదులు మీ మేకప్ సామాను, పని చేసే సరంజామా చూపించాలి. కేవలం ఆన్‌లైన్‌లో అమ్మి కొరియర్ చేసేవాళ్లకి మాత్రం ఇది కుదరదు, కస్టమర్‌ని నేరుగా కలిసే పని అయి ఉండాలి.

దారిచూపు:

గూగుల్ ఒక్కదాంతో ఆగిపోకండి అని నా మనవి. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ అని ఇంకొకటి ఉంది, 2004లో మొదలైంది, ఎవరైనా గీయొచ్చు, ఎవరైనా వాడుకోవచ్చు. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌లలో కనిపించే మ్యాపుల్లో దీని సమాచారం ఉంటుంది. దీని మీద నడిచే ఆర్గానిక్ మ్యాప్స్ యాప్ సిగ్నల్ లేకపోయినా దారి చూపిస్తుంది, మన పల్లెల్లో అది ఎంత అవసరమో వేరే చెప్పాలా. దుకాణాలు కలపడానికి ఎవ్రీ డోర్ అనే యాప్ తేలిగ్గా ఉంటుంది. వీడియోలు, వెరిఫికేషన్లు ఏమీ ఉండవు, అకౌంట్ తెరిచి, పిన్ పెట్టి, పేరు, ఫోన్, పనివేళలు ఇస్తే చాలు. కాకపోతే ప్రకటనల భాష రాయకూడదు, గూగుల్ మ్యాప్స్ చూసి కాపీ చేయకూడదు, మీకు తెలిసిందే రాయాలి.

నాకు దీంట్లో బాగా నచ్చేది తెలుగు పేరుకి వేరే గడి ఉండటం. గూగుల్ 2021 నుంచి తెలుగుతో కలిపి 10 భారతీయ భాషల్లోకి పేర్లని తనంతట తానే లిప్యంతరం చేస్తోంది, మంచిదే, కానీ అది యంత్రం రాసింది. మన ఊరి పేరు, మన వీధి పేరు ఎలా రాయాలో మనకంటే ఎవరికి తెలుసు? నేను మా మండలంలో ఊళ్ల పేర్లు, చెరువుల పేర్లు ఒక్కొక్కటే తెలుగులో చేరుస్తున్నాను. చిన్న చిన్న కుంటల పేర్లు కాగితం మీద ఎక్కడా దొరకవు, ముసలివాళ్లని అడిగి రాస్తున్నాను.

ఐఫోన్ వాళ్ల కోసం యాపిల్ మ్యాప్స్‌లో కూడా పెట్టండి, 2023 జనవరి నుంచి వ్యాపారులే ఉచితంగా పెట్టుకునే వీలుంది. మన దేశానిదే మ్యాప్‌మైఇండియా ఉంది, 1995 నాటి కంపెనీ, వాళ్ల మ్యాపుల్స్ యాప్‌లో కూడా చోటు కలపొచ్చు.

గానుగింటి_అబ్బాయి:

అందరికీ చాలా థ్యాంక్స్. బాపుకి చెప్పాను, అతని నంబర్ బ్లాక్ చేశాడు. లిస్టింగ్ ఎవరి చేతిలోనూ లేదు, బాపు మెయిల్‌తో క్లెయిమ్ మొదలుపెట్టాను. మా చిన్నమ్మ కొడుకు రేపు పొద్దున వీడియో తీస్తానన్నాడు. రెండు సందేహాలు మిగిలాయి. ఒకటి, వీధి పేరు లేని అడ్రస్ ఎలా రాయాలి. రెండోది పెద్దది. శాటిలైట్ వ్యూలో మా రేకుల కప్పు స్పష్టంగా కనపడుతోంది, పిన్ సరిగ్గా దాని మీద పెట్టి చూశాను, అయినా దారి అడిగితే మా వెనక ఉన్న పొలాల బాట వైపు తీసుకెళ్తోంది. అటునుంచి గానుగకి గేటు లేదు, మధ్యలో కాలువ ఉంది. కారు అటు పోతే వెనక్కి తిప్పుకోవడం కూడా కష్టం.

దారిచూపు:

ఇది చాలామందికి ఎదురయ్యేదే. దారి చూపేటప్పుడు మ్యాప్ పిన్‌కి దగ్గరగా ఏ రోడ్డు ఉంటే అక్కడికి తీసుకెళ్తుంది, గేటు ఎటుందో దానికి తెలియదు. కప్పు మధ్యలో పెట్టకుండా పిన్‌ని ముందువైపు, గేటు దగ్గరికి లాగు. అప్పుడు కూడా వెనక్కే పోతుంటే మీ ముందున్న రోడ్డు అసలు మ్యాప్‌లో ఉందో లేదో చూడు. శాటిలైట్‌లో రోడ్డు కనిపిస్తూ, మామూలు వ్యూలో గీత లేకపోతే అదే రోగం. గూగుల్ మ్యాప్స్‌లో తప్పిపోయిన రోడ్డుని తెలియజేసే సదుపాయం ఉంది, గీత గీసి పంపాలి. వాళ్లు చూసి ఒప్పుకునేదాకా ఆగాలి, కాబట్టి అది ఇవాళే పంపు. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో అయితే నువ్వు గీసిన కాసేపటికే వస్తుంది కానీ అక్కడ గీసింది గూగుల్‌లోకి పోదు, రెండూ వేర్వేరుగా చేయాలి.

అడ్రస్‌లో ఇంటి నంబర్, ఊరు, మండలం, పిన్‌కోడ్ ఇస్తే సరిపోతుంది, లేని వీధి పేరు కల్పించకు. మనుషులకి చెప్పడానికి ప్లస్ కోడ్ వాడు, అంటే అడ్రస్ బదులు చోటుని చెప్పే చిన్న కోడ్. మ్యాప్‌లో మీ చోటుని నొక్కి పట్టుకుంటే వస్తుంది, సుమారు 14 మీటర్ల గడిని చూపిస్తుంది. దాన్ని బిల్లుబుక్కు మీద, నూనె సీసా లేబుల్ మీద అచ్చు వేయించుకోవచ్చు. తపాలా శాఖ కూడా ఇలాంటిదే డిజిపిన్ అని 2025 మేలో తెచ్చింది, ఐఐటీ హైదరాబాద్, ఇస్రో వారి ఎన్‌ఆర్‌ఎస్‌సీ (జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం)తో కలిసి తయారుచేసింది. 10 అక్షరాల కోడ్, 4 మీటర్ల గడి. అది కూడా తీసి పెట్టుకో. వీధి పేర్లు లేని మన ఊళ్లకి ఇలాంటివి ఎప్పుడో రావాల్సింది.

హనుమకొండ_స్టూడియో:

వీడియో తీసే తమ్ముడికే ఇంకో పని అప్పజెప్పు. మెయిన్ రోడ్డు మీద మీ ఊరి మలుపు, వాటర్ ట్యాంకు దగ్గర మలుపు, చింతచెట్టు, గేటు, ఇలా వచ్చే వరసలో ఫొటోలు తీయించి ప్రొఫైల్‌లో పెట్టు. మీ అమ్మగారు ఫోన్‌లో చెప్పేదంతా బొమ్మల్లో ఉంటుంది. వెరిఫై అయ్యాక పనివేళల్లో ఆదివారం సంగతి, పండగ సెలవులు విడిగా పెట్టడం మర్చిపోకు, అంత దూరం నుంచి వచ్చి తాళం చూసి వెళ్తే మళ్లీ రారు. ఫ్లెక్సీ బదులు రేకు బోర్డు రాయించాలంటే చెప్పు, జనగామలో నాకు తెలిసిన పెయింటర్ ఉన్నాడు, నంబర్ నీకు విడిగా మెసేజ్ పెడతాను.